చెప్పుల లైను

మొన్న తెల్లవారుజామున ఐదున్నరకు ఫోన్ టింగుమంది. మెదక్ జిల్లా మనోహరాబాద్ నుంచి మా బామ్మర్ది పంపిన ఫోటో. ఎరువుల దుకాణం ముందు చెప్పుల వరస. హవాయి చెప్పులు, తెగిన పట్టీకి పిన్నీసు గుచ్చిన చెప్పులు, ఒకచోట చెప్పుల బదులు రాయి కింద పెట్టిన పాస్‌బుక్కు జిరాక్సు. మనుషులు మాత్రం ఫోటోలో లేరు. వేపచెట్టు నీడన కూర్చుని బీడీలు కాలుస్తున్నారట. కింద ఒకటే ముక్క రాశాడు: "నాది ముప్పై రెండో జత బావా."

2025 వానకాలంలో యూరియా కోసం తెలంగాణలో ఊరూరా ఇవే లైన్లని మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. పాపం అనిపించి ఫోన్ చేశాను. చేయకుండా ఉండాల్సింది.

"ఆడ ఎట్లుందే బావా? ఆళ్లకన్న దొరుకుతుందా యూరియా?"

"దొరికినా కొనేటోళ్లే తక్కువరా."

"మరి మక్కలెట్ల పండిస్తరు? ఎకరాన ఎన్నొస్తయి?"

"మంచి కాలమైతే ఎనిమిది క్వింటాళ్లు."

అవతల పెద్ద నవ్వు. స్పీకర్‌లో పెట్టినట్టున్నాడు, వేపచెట్టు కింద ఇంకో ముగ్గురు నలుగురు కూడా నవ్వారు. "ఎనిమిదా! పని చేతగాదా ఆళ్లకు? పొద్దంత పండుకుంటరా ఏంది?"

ఆ 'పండుకుంటరా' దగ్గర నాకు కాలింది. ఇప్పటికీ చల్లారలేదు.

నేనుండేది మలావీ దేశంలో, బ్లాంటైర్‌లో. ఇక్కడి పల్లెల్లో కందులు కొని ఓడలెక్కించే ఒక కంపెనీలో లెక్కలు రాస్తాను. దేశం ఎంతుంటుందంటే, పొడవాటి మలావీ సరస్సును కూడా కలుపుకుంటే మన తెలంగాణ కంటే పిసరంత పెద్దది. జనం రెండు కోట్ల పైచిలుకు. పదిమందిలో ఎనిమిదిమంది పల్లెల్లోనే ఉంటారు, మక్క మీదే బతుకుతారు. మక్కపిండిని ఉడికించి గట్టిగా కెలికి చేసే 'న్సీమా' వాళ్లకు పూటపూటా కావాలి. మా అమ్మమ్మ చేసిన జొన్న సంకటిని తెల్లరంగులో ఊహించుకోండి, అదే న్సీమా.

కందులు కొనే రోజుల్లో నేనూ లారీ వెంట చిరాజులు జిల్లాకు పోతుంటాను. ఇది సెప్టెంబరు. వాన రావడానికి ఇంకా రెండు నెలలుంది. ఎండ మాడు పగలగొడుతోంది. ఆ ఎండలో ఒక పెద్దావిడ ఖాసు పట్టుకుని బోదెలు కడుతోంది. ఖాసు అంటే మన చేతిపారే, కాస్త పొడుగు కర్ర ఉన్నది. నిరుటి మక్క చొప్పను కాలువలో పరిచి, పాత బోదెను రెండుగా చీల్చి, ఆ మట్టిని చొప్ప మీదికి లాగి కొత్త బోదె కడతారు. బోదెకు బోదెకు మధ్య 75 సెంటీమీటర్లు. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి చేయి ఊరుకోలేదు: ఎకరానికి ఎంత పొడవు బోదె అవుతుందని వేసి చూశాను. ఐదు కిలోమీటర్ల పైనే. ట్రాక్టరు లేదు, ఎడ్లు లేవు, ఒక నడుము, ఒక ఖాసు. ఏటా ఒకే లోతున తవ్వుతారు కాబట్టి జానెడు కింద మట్టి బండలా గట్టిపడుతుందట, వేరు దిగదు, నీరు దిగదు. ఆ సంగతి తెలిసినా ఇంకా లోతు తవ్వే ఓపిక ఎక్కడిది?

మా బామ్మర్ది ట్రాక్టరు వాడికి ఫోన్ చేస్తాడు. వాడు రాకపోతే ఇంకొకడికి చేస్తాడు. ఆ రెండో ఫోన్ చేయాల్సి రావడమే మావాడి దృష్టిలో కష్టం.

ఎకరాకు వాడికొచ్చే ఇరవై అయిదు క్వింటాళ్ల వెనక ఏముందో నేను చెప్పనా? బోరుంది. ఆ బోరుకు 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఉంది. పంట పంటకు హైబ్రిడ్ విత్తనముంది. ప్రతి పంటకూ ఎకరాకు ఆరు వేల చొప్పున రైతు భరోసా ఉంది. అన్నిటికీ మించి 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయలకు వస్తుంది. లైన్లో నిలబడితే నిలబడ్డాడు, 266కు వస్తుంది! ఇక్కడ సబ్సిడీ లేకుండా 50 కిలోల బస్తా కొనాలంటే కూలి మనిషి నెల జీతం దాదాపు అందులోనే పోతుంది. నెలంతా తినకుండా ఉంటే ఒక బస్తా. ఎకరాకు రెండు బస్తాలు వేద్దామంటే రెండు నెలలు తినకూడదు.

అందుకే నేను పెద్దావిడ పొలం చూసి వచ్చాక దిగుబడి మాట ఎత్తేవాళ్లను ముందు యూరియా ధర అడుగుతున్నాను. మా ఆవిడకు విసుగొచ్చింది. నిన్న పెరుగు తోడుకోలేదంటే దాన్ని కూడా యూరియా మీదికి తీసుకుపోయానట.

ఆ పెద్దావిడను నేను 'అమాయీ' అని పిలుస్తాను. చిచేవా భాషలో అమాయి అంటే అమ్మ. మొదట్లో అరవై ఏళ్లావిడను అమ్మాయీ అని పిలుస్తున్నట్టుండి నాలో నేనే నవ్వుకునేవాణ్ణి. ఆమె నన్ను 'బ్వానా' అంటుంది, అంటే అయ్యగారు. దానికి మాత్రం నవ్వు రాదు.

యూరియా మహిమ తెలియని దేశం కాదిది. తెలిసినంత మరే దేశానికీ తెలియదేమో. 1998లో రైతు కుటుంబాలన్నిటికీ పావు ఎకరానికి సరిపడా విత్తనం, ఎరువు ఉచితంగా పంచారు. తర్వాత ఆ పంపకాన్ని కుదించారు. 2001–02లో కరువు, ఆకలి చావులు. 2005లో మళ్లీ వాన ఎగ్గొట్టింది, పంట 12 లక్షల టన్నులకు పడిపోయింది. అప్పుడు బింగు వా ముతారికా ప్రభుత్వం, అప్పులిచ్చేవాళ్లు వద్దని మొత్తుకుంటున్నా, కుటుంబానికి రెండు బస్తాల ఎరువు, విత్తనం కూపన్ల మీద ఇచ్చింది. వాన కూడా దయతలచింది. మరుసటి ఏడాదికే పంట రెట్టింపు దాటింది. 2007లో మిగులు మక్కను జింబాబ్వేకు అమ్మారు. అవే చేతులు, అదే ఖాసు. మధ్యలో వచ్చి చేరింది రెండు బస్తాలు, కాసిన్ని వానలు. మరి రెండేళ్ల ముందు ఈ జనమంతా సోమరులు, ఆ ఏడాదికి కష్టజీవులు అయిపోయారా?

అట్లాగని అంతా బాగుందని కాదు. ఎరువు ధర ప్రపంచంలో పెరిగినప్పుడల్లా ఆ ఖర్చు వ్యవసాయ బడ్జెట్టును మింగేసింది. కూపన్లు చేతులు మారాయి, బస్తాలు వాన వెళ్లిపోయాక వచ్చాయి. 2022లో అయితే ఎరువు తెప్పిస్తామని ఇంగ్లండులో మాంసం వ్యాపారం చేసే ఒక కంపెనీకి డబ్బు కట్టి సర్కారు మోసపోయింది. వ్యవసాయ మంత్రి పదవి ఊడింది. మాంసం కొట్టుకు ఎరువు డబ్బులు! మనకు నకిలీ పత్తి విత్తనాలు తెలుసు, కల్తీ మందులు తెలుసు, ఇంతటి ఘనకార్యం మాత్రం మన ఖాతాలో లేదు. చెప్పొద్దూ, ఆ వార్త చదివినప్పుడు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

గర్వం ఎక్కువసేపు నిలవలేదు. జనవరిలో అమాయి పొలం దగ్గర ఆగితే మక్క మోకాలెత్తున ఉంది, గడ్డి దానికంటే ఎత్తున ఉంది. "కలుపు తీయలేదేం అమాయీ?" అన్నాను. "గాన్యూకి పోతున్నాను బ్వానా" అంది. గాన్యూ అంటే కూలి. పోయిన ఏటి మక్కలు డిసెంబరుకే అయిపోయాయి. కొత్త పంట మార్చి, ఏప్రిల్ దాకా రాదు. కలుపు తీయాల్సిన ఆ నెలల్లోనే ఇంట్లో గింజ ఉండదు. కాబట్టి పక్కవాళ్ల చేలో కలుపు తీసి ఆ కూలితో పిండి కొంటుంది. తన చేను గడ్డి తింటుంది. పంట తగ్గుతుంది, మళ్లీ డిసెంబరుకే గింజలు అయిపోతాయి.

నేను మారు మాట్లాడలేదు. ఎందుకంటే మా అమ్మ అదే చేసింది. మాకు మూడెకరాల చెల్క ఉండేది. ఇప్పుడంటే మనోహరాబాద్ 2016లో మండలమైంది, హైవే పొడుగునా ఫ్యాక్టరీలొచ్చాయి, 2023లో ఐటీసీ వాళ్ల తిండి వస్తువుల ఫ్యాక్టరీ తెరిచారు, సిద్దిపేటకు రైలు పడింది. అప్పుడు మా చెల్కకు వాన తప్ప దిక్కు లేదు. నాన్న అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచేవాణ్ణి పిలిపించి నీళ్లు చూపించాడు. కొబ్బరికాయ నిలబడ్డచోటల్లా తమిళనాడు బండి వచ్చి బోరు వేసింది. మొదటిదాంట్లో దుమ్ము, రెండోదాంట్లో దుమ్ము, మూడోదాంట్లో బురద. ఆ తెల్లదుమ్ము మా గుడిసె మీద, అమ్మ జుట్టు మీద పేరుకుపోయింది. నాలుగోది పోసింది, రెండేళ్లకు ఎండింది. అప్పు మాత్రం ఎండలేదు. ఆ అప్పు తీర్చడానికి అమ్మ పెద్ద రైతుల చేలల్లో కలుపుకు పోయేది. మా మక్కలో గరిక మేసిన మేక మా చేను తోవలో నిలబడి నన్ను చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఊళ్లో ఒకాయన నాన్నను అడగనే అడిగాడు: "పండుకుంటవా రా పొద్దంత?"

ఇదంతా బామ్మర్దికి చెప్పాను. వాడు అప్పటికి పుట్టలేదు, నమ్మినట్టు లేదు. "సరే బావా, 1960లల్ల మనోళ్లకెంతొచ్చేది?" అన్నాడు వెటకారంగా. 1960–61లో మన దేశపు మక్క సగటు హెక్టారుకు టన్ను కూడా లేదు. అంటే ఎకరాకు నాలుగు క్వింటాళ్లు చేరలేదు. ఇక్కడ మంచి కాలంలో పండేదాంట్లో సగం!

ఇక కందికి వద్దాం, అక్కడ మనం నోరు మూసుకోవాలి. ఇక్కడ మక్కలోనే కందిని అంతర పంటగా వేస్తారు. మక్క ఏప్రిల్‌లో ఇంటికొస్తుంది, కంది ఆ మిగిలిన తేమను తాగి జూలై, ఆగస్టుల్లో కాస్తుంది. రాలిన ఆకే నేలకు ఎరువు, యూరియా కొనలేనివాళ్ల యూరియా అది. హెక్టారుకు సగటున టన్ను దాటించేస్తారు. మన దేశపు సగటు టన్నును అందుకోవడానికి ఇంకా ముక్కుతోంది. విత్తనంలో కూడా మా జిల్లాకు వాటా ఉందండోయ్. పాత మెదక్ జిల్లా పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లే ఆఫ్రికా నాటు కందుల్లోంచి ఏరి మంచి రకాలు తీశారు. గింజ వాళ్లదే, బోర్డు మాత్రం మనది. కత్తెర పురుగు కూడా ముందు 2016లో వీళ్ల మక్క తిని, 2018లో మన మక్కకు వచ్చింది. పురుగుకు తెలిసిన చుట్టరికం మనకు తెలియదు.

ఇంకో సంగతి, ఈ దక్షిణ జిల్లాల్లో పొలం ఆడపిల్లదే. పెళ్లయ్యాక మొగుడే భార్య ఊరికొస్తాడు. ఊరు ఊరంతా ఇల్లరికపు అల్లుళ్లే! మా బామ్మర్ది దీనికి మాత్రం నవ్వలేదు. వాడి చెల్లెలి వాటా సంగతి ఇంకా తేలలేదు.

పొలం వీళ్లదే కానీ అందులో పండే కంది ధర మాత్రం వీళ్ల చేతుల్లో లేదు, మన చేతుల్లో ఉంది. 2015లో మన దగ్గర కందిపప్పు కిలో రెండు వందలు తాకింది గుర్తుందా? ఇక్కడ అందరూ కంది వేశారు. 2017 ఆగస్టులో ఢిల్లీ దిగుమతులకు పగ్గం వేసింది. ఇక్కడ ధర పాతాళానికి పోయింది, సంచుల్లో కందులు పుచ్చిపోయాయి. 2021లో మళ్లీ తలుపు తీశారు, ఏటా 50 వేల టన్నులు మలావీ నుంచి కొంటామని ఒప్పందం రాసుకున్నారు. మన రైతుకు ధర పడిపోకూడదని నేనూ కోరుకుంటాను. మా నాన్న కందులు అమ్మినవాడే. కానీ కాటా దగ్గర అమాయి "ఈసారి మీ దేశం కొంటుందా బ్వానా?" అని అడిగితే నేనెటు చూడాలి?

మొన్న ఆమెకు ఫోన్లో ఆ చెప్పుల ఫోటో చూపించాను. తెర మీద వేలు పెట్టి జతలు లెక్కపెట్టింది. "వీళ్లంతా ఏరి?" అంది. చెట్టు కింద కూర్చున్నారన్నాను. "మా దగ్గర చెప్పులు వదిలితే చెప్పులే పోతాయి. సబ్సిడీ బస్తాలొచ్చాయంటే మేమే డిపో ముందు పడుకుంటాం. పోయినేడు రెండు రాత్రులు పడుకున్నాను" అని ఖాసు తీసుకుని బోదె దగ్గరికి వెళ్లిపోయింది.

సాయంత్రం బామ్మర్దికి ఫోన్ కొట్టాను. "అవునురా, నువ్వన్నది నిజమే, పండుకుంటరు. బస్తా కోసం డిపో ముందట పండుకుంటరు" అన్నాను, గెలిచినవాడిలా.

కాసేపు మాట లేదు. వెనకాల లారీల చప్పుడు వినిపిస్తోంది, ఇంకా ఆ దుకాణం దగ్గరే ఉన్నట్టున్నాడు.

"మాకు గూడ చెప్పులు పనిచేస్తలేవు బావా, ఎవడో లైను కలిపేసిండు. దుప్పటి తెచ్చుకున్న, ఈ రాత్రి ఈడనే" అన్నాడు.