నాపరాయి పని పోయినాక

మా నాయన బేతంచెర్ల గనుల్లో ఉలి, సుత్తితోనే నాపరాయి తీసినాడు. ఈ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. సందు చూసి కొడితే బండ పొర వెంటే లేస్తుంది. ఆ సందు కనిపెట్టడం ఏళ్ల తరబడి కొట్టినోళ్లకే వస్తుంది. నేను ఎదిగేసరికి గనుల్లోకి కటింగ్ మిషన్లు దిగినాయి. ఉలి పనోళ్లకు అక్కడ చోటు తగ్గి, నాలాంటోళ్లం పాలిష్ ఫ్యాక్టరీల్లో చేరినాం. అంటే ఆ మిషను ఒక పని తీసినా ఇంకో పని చూపించింది. రెండోసారి అట్లా జరగలేదు.

బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల, అటు కడప జిల్లా ఎర్రగుంట్ల నుంచి బండలు లారీలకెక్కేవి. అరుగు, వంటింటి గట్టు, గుడ్డలుతికే బండ, అన్నీ మా రాయే. తమిళనాడులో దీన్ని కడప రాయనే అంటారు. ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నీళ్లలో నిలబడాలి. కాళ్లు ఒరుసుకుపోయేవి. కోత మోతకు నాకు ఎడమ చెవి సరిగా వినపడదు. అయినా వారం వారం కూలి చేతికొచ్చేది.

తర్వాత విట్రిఫైడ్ టైల్స్ వచ్చినాయి. మరీ చౌకగా దిగుతున్నాయని 2003లో కేంద్రం చైనా టైల్స్ మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. ఆ సుంకం కాపాడింది దేశంలోని టైల్స్ ఫ్యాక్టరీలను. గుజరాత్‌లోని మోర్బీ బాగా పెరిగింది. అక్కడ మట్టి కలపడం నుంచి కొలిమిలో కాల్చేదాకా చాలావరకు మిషన్లదే పని. చైనా టైల్ వచ్చినా మోర్బీ టైల్ వచ్చినా ఇంట్లోంచి పోయేది మా బండే. ఆ సంగతి ఎవరి లెక్కలోకీ రాలేదు.

మా ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులు ఒకటైనాయి. ఆ తర్వాత మిషన్లు కొన్నాళ్లు తిరిగితే కొన్నాళ్లు నిలబడేవి. చివరికి ఓనరు పిలిచి, "కరెంటు బిల్లుకే చాల్లేదప్పా. సరుకంతా యార్డులోనే పడుంది. వేరే పని చూసుకోండి" అన్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. అమ్ముడుపోని బండలు నా కళ్ల ముందరే ఉన్నాయి.

నా భార్య కమ్మలు తాకట్టుకు పోయినాయి. కూతురు ఇంటర్ మధ్యలో ఆపేసింది. ఆ మాట చెప్పాలంటే నాకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. బెంగళూరులో అపార్టుమెంట్ల పనికి పోయినాం. అక్కడ నేను టైల్స్ పెట్టెలు మెట్ల మీదుగా మోసినాను. ఏళ్ల తరబడి రాయి పాలిష్ పట్టిన నాకూ, నిన్న ఊరు విడిచొచ్చిన పిల్లోడికీ ఒకటే కూలి.

2024లో అమెరికా టైల్స్ కంపెనీలు భారత్ సరుకు మరీ చౌకగా దిగుతోందని, తమ పరిశ్రమ దెబ్బతింటోందని వాళ్ల ప్రభుత్వానికి ఫిర్యాదు చేసినాయి. ఆ వార్త నా కూతురే ఫోన్లో చదివి వినిపించింది. అక్కడ విచారణ పెట్టి, ఎంత సరుకు వచ్చింది, ఎవరికి నష్టం అని అడిగినారు. మా వీధిలో ఎంతమందికి పని పోయిందని ఎవరూ వచ్చి అడగలేదు.

గనుల రాయల్టీ, కరెంటు చార్జీ తగ్గించమని ఓనర్లు ప్రభుత్వాన్ని అడుగుతారు. అడగనీండి. మేం అడిగేది కూడా వినండి. బడులు, ఆస్పత్రులు, పంచాయతీ ఆఫీసులు కట్టేటప్పుడు మా నాపరాయి పరచండి. మూతపడిన ఫ్యాక్టరీల కూలోళ్ల పేర్లు రాసుకోండి. నాకు పీఎఫ్ లేదు, పని చేసినానని చూపే చీటీ లేదు. నా పేరున్నది ఒక్క ఓనరు నోటుబుక్కులోనే, తీసుకున్న అడ్వాన్సు ఎదురుగా. అది బెంగళూరు కూలిలోంచి కొంచెం కొంచెం తీరుస్తున్నా.