మాలిక్ లేని మొహల్లా



నా కాలేజీ రోజుల్లో నెట్ కేఫ్‌లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆడేవాళ్లం. 1997లో వచ్చిన ఆట. ఎనిమిది మంది దాకా కలిసి ఆడొచ్చు, మధ్యలో ఆటను నడిపే పెద్ద సర్వర్ ఏదీ లేదు. కంప్యూటర్లే నేరుగా మాట్లాడుకునేవి. ఏ సైనికుడు ఎక్కడున్నాడో పంపుకోవు, "వీళ్లను అటు నడిపించు" అన్న హుకుం మాత్రమే పంపుకుంటాయి. హిసాబ్ అంతా ప్రతి మెషీన్ తనంతట తానే చేసుకుంటుంది. అందుకే వందల సైనికులున్నా డయలప్ మోడెమ్ మీద కూడా నడిచింది. ఒకరి కంప్యూటర్ నెమ్మదిస్తే మాత్రం అందరికీ ఆట నెమ్మదించేది. పైగా శత్రువు జాగా కూడా మన మెషీన్‌లోనే ఉంటుంది. పర్దా స్క్రీన్ మీదే, కాబట్టి దాన్ని తీసేసే దొంగ ప్రోగ్రాములూ వచ్చాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన ఏడాది ఒక కంపెనీ తన ఆన్‌లైన్ ఆటను మూసేసింది. మా పెద్దాడూ, దమ్మామ్‌లో ఉండే వాడి ఖాలా కొడుకూ అందులో నాలుగేళ్లు కట్టుకున్న ఇల్లు రాత్రికి రాత్రి గాయబ్. రెండేళ్లకోసారి కలిసే పిల్లలకు రోజూ కలిసే చోటు అదే. "అబ్బా, ఆ దునియాను మన కంప్యూటర్లలోనే ఉంచుకోలేమా?" అన్నాడు.

సవాల్ చిన్నది కాదు. ఎనిమిది మంది ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవడానికి 28 దారులు చాలు. వెయ్యి మందికి 4,99,500 కావాలి.

2004లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్లు దీనికో తర్కీబ్ చెప్పారు. ఆట ప్రపంచాన్ని మొహల్లాలుగా విడదీయాలి. ఎవరికైనా తానున్న మొహల్లా ఖబర్లే చాలు కదా! ఒక్కో మొహల్లాకు ఒక ఆటగాడి కంప్యూటర్ జిమ్మేదార్. నేలమీది కత్తిని ముందు ఎవరు ఎత్తారో అదే తేలుస్తుంది. వాడు కంప్యూటర్ కట్టేసి నమాజ్‌కు పోతే? ఇంకొకరి దగ్గర నకలు ఉంటుంది. నాకు బాగా నచ్చింది జిమ్మేదార్ ఎంపిక. అది అంకెల లెక్కతో జరుగుతుంది, కాబట్టి చాలావరకు అతను ఆ మొహల్లాలో ఆడేవాడు కాడు. పంచాయితీ చెప్పడానికి పక్క ఊరి పెద్దమనిషిని పిలిచినట్టు. ఇంత చేసినా డబ్బుల లెక్క, ఆటగాడి ఖాతా మాత్రం సర్వర్ దగ్గరే ఉంచారు. అందరూ ఒకే మొహల్లాకు జుమ్మా జనంలా చేరితే ఆ ఒక్క కంప్యూటర్ ఏం తట్టుకుంటుంది? జిమ్మేదారే బేఇమాన్ అయితే? అమానత్ ఎవరి చేతిలో పెడుతున్నామన్న షక్ పోదు. పెద్ద ఆటలన్నీ దాదాపు సర్వర్ల మీదే నిలిచిపోవడానికి అసలు వజహ్ ఇదేనని నా ఖయాల్.

చిన్న ఆటలకు ఈ ఫికర్ తక్కువ. ఇప్పుడు మావాళ్లు ఇంట్లోనే నడుపుకునే ఆట ఆడుతున్నారు. దాని ఫైలు ఇక్కడొకటి, దమ్మామ్‌లో ఒకటి.

మా చిన్నమ్మాయి విషయంలో మాత్రం నా ఫైసలా వేరు. నేరుగా కలుపుకుంటే అవతలివాడికి మన ఐపీ అడ్రస్ తెలుస్తుంది. ఇంటి నంబరు దొరక్కపోయినా ఊరు అందాజాగా తెలిసిపోవచ్చు, కోపమొస్తే మన కనెక్షన్‌ను ముంచెయ్యొచ్చు. ఖాలా పిల్లలతో పరవాలేదు. అజనబీలతో ఆడేటప్పుడు, ఏనాడైనా మూతపడేదే అయినా సరే, మధ్యలో సర్వర్ ఉన్న ఆటే ఆడమన్నాను.