ఫోన్ చెప్పిన మొదటి ఎత్తు

మా బామ్మర్దికి పన్నెండేళ్లు. నాలుగు నెలల పాటు వాడు చెస్ బోర్డు ముట్టుకోలేదు. దానికి కారణం నేను. నాతో పాటు నా ఫోను.

నేనుండేది నంద్యాలలో. డిగ్రీ అయిపోయింది, బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నా. మా ఊళ్లో ఏ సందులోకి వెళ్లినా నాలాంటివాళ్లు పుస్తకాల సంచితో కనిపిస్తారు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. క్లాసు అయ్యాక ఫ్రెండ్సంతా రీల్స్ చూస్తారు, నేను ఫోన్లో చెస్ ఆడతా. 2024 డిసెంబరులో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాక ఆ పిచ్చి ఇంకా ముదిరింది.

మామది ఆళ్లగడ్డ. నంద్యాల నుంచి కడప వైపు బస్సులో వెళ్లుంటే మీకు తెలిసే ఉంటుంది, సిరివెళ్ల దాటి ఆళ్లగడ్డ వచ్చేసరికి రోడ్డు పక్కన విగ్రహాలు వరసగా నిలబడి ఉంటాయి. సగం చెక్కిన దేవుళ్లు, పూర్తిగా చెక్కిన నాయకులు, మధ్యలో రాతిదుమ్ము. మామ కూడా శిల్పే. ఆయన షెడ్డులో పనికిరాదని పక్కకు పడేసిన ఒక నల్లరాతి పలక ఉంది. దాని మీద ఉలితో 64 గళ్లు గీసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక పనివాళ్లతో అక్కడ ఒక ఆట పడాల్సిందే.

మామ ఆడేది పాత పద్ధతి. బంటు మొదటిసారి కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజుకు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉంటుంది. మన ఊళ్లలో పెద్దవాళ్లు చాలామంది ఇలాగే నేర్చుకున్నారు. బంటు రెండు గళ్లు నడవడమన్నది ఆట ఐరోపా వెళ్లి మారే క్రమంలో వచ్చిన నియమం. మా బామ్మర్ది ఆ రాతి పలక దగ్గరే ఆట నేర్చాడు. తర్వాత స్కూల్లో కొత్త నియమాలు తెలిశాయి కానీ చేతికి అలవాటు పోలేదు. తెల్లపావులు వస్తే చాలు, రాజు ముందు బంటును ఒక్క గడి జరిపి మొదలుపెట్టేవాడు. చెస్ భాషలో ఈ3.

సంక్రాంతి సెలవుల్లో నేను చూసి నవ్వాను.

"ఒరేయ్, ఇట్ల ఎవరూ ఆడరురా."

"నాయన ఇట్లే ఆడతాడు కదా బావా?"

"నాయన ఆడేది షెడ్డులో. టోర్నీలో నడవదు. సూడు" అని ఫోన్ తీశా.

స్టాక్‌ఫిష్ ఓపెన్ చేసి రాజు ముందు బంటును రెండు గళ్లు నడిపితే, అంటే ఈ4 ఆడితే ఎంత నంబరు వస్తుందో, వాడి ఈ3కి ఎంత వస్తుందో చూపించా. వాడు ఆ రెండు అంకెల వైపు చూసి తలూపాడు. ఆ పది రోజులూ వాడికి ఈ4 లైన్లు బట్టీ పట్టించా. ఒక్కోదాంట్లో పది, పన్నెండు ఎత్తులు. ఎందుకు అని వాడు అడగలేదు. నేనూ చెప్పలేదు. ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు, నేను మురిసిపోయా.

ఫిబ్రవరిలో నంద్యాలలో పిల్లల టోర్నీ. నేనే దగ్గరుండి తీసుకెళ్లా. మొదటి రౌండులో తెల్లపావులు. మావాడు నేను నేర్పినట్టే బంటు రెండు గళ్లు, తర్వాత గుర్రం, తర్వాత శకటు తీశాడు. ఇటాలియన్ అంటారు దీన్ని. అవతలి పిల్లాడు మూడో ఎత్తుకే తన గుర్రాన్ని బోర్డు మధ్యలోకి దూకించి, నడిమి బంటును కాపలా లేకుండా వదిలేశాడు. మావాడు ఊరికే వచ్చింది కదా అని ఆ బంటును కొట్టాడు. వెంటనే అవతలి మంత్రి బయటికొచ్చింది. మావాడికి ఇంకో ఆశ, గుర్రంతో దూకితే మంత్రీ ఏనుగూ రెండూ దొరుకుతాయని దూకాడు. ఏడో ఎత్తుకు చెక్‌మేట్. మా రాజు చుట్టూ మా సొంత బలగమే నిలబడి ఉంది, కదలడానికి గడి లేదు.

చెస్ ఆడేవాళ్లకు ఇది తెలిసిన ఉచ్చే. తమాషా ఏమిటంటే, ఆ మూడో ఎత్తును ఇంజిన్ తప్పు అంటుంది. తెల్లవైపుకే మంచి లాభం చూపిస్తుంది. అందుకే నేను దాన్ని వాడికి చూపించలేదు. తప్పు ఎత్తు ఎవడాడతాడులే అనుకున్నా. పన్నెండేళ్ల పిల్లలు ఆడేవే అలాంటివి అన్న సంగతి నాకు తట్టలేదు.

మిగతా రౌండ్లు వాడు ఆడాడు కానీ చెయ్యి వణుకుతోంది. ప్రతి ఎత్తుకీ ముందు నా వైపు చూస్తున్నాడు. తిరుగు బస్సులో ఒక్క మాటే అన్నాడు. "నువ్వు చెప్పిందే ఆడినా కదా బావా." ఆ తర్వాత బోర్డు అటక ఎక్కింది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఒక రాత్రి పది గంటలకు కూర్చున్నా. తెల్లవైపు మొదటి ఎత్తుగా ఆడగలిగేవి సరిగ్గా 20. ఎనిమిది బంట్లకు రెండేసి చొప్పున 16, రెండు గుర్రాలకు కలిపి 4. ఒక్కోదానికి పది నిమిషాలు ఇచ్చి ఇంజిన్ చేత లెక్క వేయించా. మధ్యలో రెండుసార్లు ఫోన్ వేడెక్కితే ఫ్యాన్ కింద పెట్టా. ఒంటిగంటన్నరకు పట్టిక పూర్తయింది.

చూస్తే ఈ4, డీ4 దాదాపు సమానం, రెండూ 0.3కి అటూఇటూ. గుర్రం ఎఫ్3కి తెచ్చినా, సీ4 ఆడినా పెద్ద తేడా లేదు. ఇంజిన్‌ను ఇంకాస్త లోతుకు వెళ్లనిస్తే మొదటి స్థానం ఒకదాని నుంచి ఇంకోదానికి మారిపోతోంది. నేను నవ్విన ఈ3 సున్నా దగ్గర ఉంది. అంటే తెల్లవైపుకు ఉండే చిన్న లాభం పోయి ఆట సమానమైంది, అంతే. నిజంగా చెడ్డదంటే జీ4, అది మైనస్ ఒకటి దగ్గర కూర్చుంది.

ఇంతకీ ఆ నంబరు అర్థమేంటి? స్టాక్‌ఫిష్‌లో 2022 చివర్లో వచ్చిన వెర్షన్ నుంచి +1 అంటే, రెండు వైపులా ఇంజినే ఆడితే ఆ వైపు గెలిచే అవకాశం సగం అని. రెండు వైపులా ఇంజినే ఆడితే! అక్కడ కూర్చున్నది ఇద్దరు పిల్లలు. ప్రతి ఎత్తుకూ సరైన జవాబు దొరికితేనే ఆ అంకె నిలుస్తుంది. మావాడికి నేను అంకె ఇచ్చా, జవాబులు ఇవ్వలేదు.

అసలు 'ఇదే బెస్ట్' అని కంప్యూటర్ కూడా రుజువు చేయలేదు. చెకర్స్ ఆటను 2007లో పూర్తిగా లెక్క కట్టేశారు, ఇద్దరూ తప్పు చేయకపోతే డ్రా అని తేలింది. చెస్‌లో బోర్డు మీద రాజులతో కలిపి ఏడు పావులు మిగిలిన స్థితుల వరకే అలాంటి పూర్తి లెక్క ఉంది. ఆట మొదలయ్యేది 32 పావులతో. ఇద్దరూ చెరో ఎత్తు వేస్తే 400 దారులు, చెరో రెండు వేస్తే 1,97,281. ఇంజిన్ చెప్పేది గట్టి అంచనా, తీర్పు కాదు.

ఆల్ఫాజీరో అయితే మనుషుల ఆటలేవీ చూడకుండా తనతో తానే 4.4 కోట్ల ఆటలు ఆడుకుని నేర్చుకుంది. అప్పటి స్టాక్‌ఫిష్‌తో 1000 ఆటల్లో 155 గెలిచి 6 మాత్రమే ఓడింది. అంత చేసి అది కనిపెట్టిన ఓపెనింగులు చాలావరకు మనుషులు వందల ఏళ్లుగా ఆడుతున్నవే.

మామ పద్ధతిలోనే నేర్చుకున్న ఒకాయన గురించి కూడా ఆ రాత్రే చదివా. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. బంటు ఒక్క గడి నడిచే మన ఆట నేర్చి, తర్వాత ఇంగ్లండ్ వెళ్లి 1929, 1932, 1933లో బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. ఓపెనింగులు ఆయన బలహీనత. అయినా మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకానే ఓడించాడు.

అంత దూరం ఎందుకు, గుకేశ్ సంగతే చూడండి. చెన్నైలో పెరిగిన తెలుగింటి కుర్రాడు. సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోటీ మొదటి ఆటను ఈ4తోనే మొదలుపెట్టి ఓడిపోయాడు. చివరి, 14వ ఆటలో తెల్లపావులు డింగ్ లిరెన్‌వి. 55వ ఎత్తులో డింగ్ ఏనుగును తప్పు గడిలో పెట్టాడు. టైటిల్ చేతులు మారింది అక్కడ. ఇంజిన్లు అందరి దగ్గరా ఉన్నాయి కదా, అయినా గుకేశ్ వెనక మనుషుల టీమ్ ఉంది. అందులో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఒకరు. కంప్యూటర్ చూపించిన వెయ్యి దారుల్లో ఈ మనిషికి ఏది నప్పుతుందో మనిషే చూడాలి మరి. నేను చేయాల్సిన పని అదే. చేయలేదు.

జూన్‌లో బడులు తెరవకముందే ఒక ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కా. షెడ్డులో మామ గ్రైండర్ ఆపి ముఖానికున్న గుడ్డ తీశాడు.

"ఏమల్లుడూ, బ్యాంకు ఉద్యోగం వచ్చిందా, ఇట్లొచ్చినావు?"

"లేదు మామా. వీనితో పనుండి వచ్చినా."

బామ్మర్ది రాతి పలక అవతల కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుని ఆ రాత్రి రాసుకున్న పట్టిక చూపించా. "నీ ఎత్తు తప్పు కాదురా. నేనే సరిగ్గా చూడలేదు. నీకు ఆ ఉచ్చు చూపించకపోవడం కూడా నా తప్పే" అన్నా. చిన్నవాడితో ఇలా చెప్పడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. వాడు పట్టిక మొత్తం చదివి, "జీ4 ఇంత దరిద్రమా?" అన్నాడు. అంతే.

పలక మీద దుమ్ము తుడిచి పావులు పేర్చా. తెల్లవి వాడికిచ్చా. వాడు కాసేపు చూసి, రాజు ముందు బంటును ఒక్క గడి జరిపాడు. ఫోన్లు రెండూ మామ జేబులో. గంటన్నర ఆడాం. వాడే ఓడిపోయాడు. కానీ ఈసారి ఒక్కసారి కూడా నా ముఖం వైపు చూసి ఎత్తు వేయలేదు.

ఆట అయ్యాక ఫోన్ తెచ్చి ఎత్తులన్నీ ఎక్కించాం. మొదటి పదిహేను ఎత్తుల దాకా అంకె సున్నా చుట్టూనే తిరిగింది. ఇరవై రెండో ఎత్తులో వాడు శకటును కాపలా లేకుండా వదిలాడు, అక్కడ పడిపోయింది.

"మొదలు బాగానే ఉంది కదా బావా" అన్నాడు.

"బాగుంది."

మామ మళ్లీ గ్రైండర్ పట్టుకుంటూ అటు నుంచే అరిచాడు. "అన్నం తినండిరా ముందు!"

వాడు వినిపించుకోలేదు. పావులు మళ్లీ పేరుస్తున్నాడు.