కర్నూలు నుంచి కడపకు – నీళ్ళ వెంట ఒక ప్రయాణం

రాయలసీమ అనగానే చాలామందికి ముందు ఎండ జ్ఞాపకం వస్తుంది. తరువాత బండలు, ఆ తరువాత కరవు. మూడూ నిజమే. కాని ఈ సీమను తెలుసుకోదలచినవాడు ఎండను గాదు, నీటిని వెంబడించి పోవాలి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడప చేరే బాట సుమారు 200 కిలోమీటర్లు. ఆ పొడవునా నీరు ఉన్నచోట ఉన్నందుకు, లేనిచోట లేనందుకు మనిషిని పలకరిస్తూనే ఉంటుంది.

కర్నూలు తుంగభద్ర ఒడ్డున ఉన్న ఊరు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండిన గౌరవం దానిది. మే నెలలో కొండారెడ్డి బురుజు రాళ్ళమీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్లే ఉంటుంది. ఊరికి ఎగువన సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డుకట్ట కట్టి, అక్కడినుంచి కడప దాకా ఒక కాలువ తవ్వారు. 1860 ప్రాంతాలలో ఒక ఇంగ్లీషు కంపెనీ లాభం కోసం తలపెట్టిన పని అది. పొలాలకు నీరూ పారాలి, పడవలూ నడవాలి అన్నది వారి ఊహ. లాభం రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని తీసుకొన్నది. కంపెనీ పోయినా కాలువ మిగిలింది. కె.సి. కెనాల్ అని పిల్లవాడు సైతం చెబుతాడు.

ఓర్వకల్లు వద్ద చిత్రవిచిత్రమైన రాతిగుట్టలు, పాణ్యం దాటితే నల్లరేగడి, ఆపైన నంద్యాల. నంద్యాల చుట్టూ తొమ్మిది నందులు కొలువై ఉన్నాయి. వాటిలో మహానంది కోనేరు చూడవలసినది. నల్లమల పాదాల దగ్గర పుట్టిన ఊట అది. ఎండాకాలంలో కూడ అడుగున పడిన సూది కనబడేటంత తేటగా ఉంటుంది. ఈ నంద్యాలలోనే 1928లో జరిగిన ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావుగారి సూచనమీద, అంతవరకు దత్తమండలాలని పిలువబడుతున్న ఈ ప్రాంతానికి రాయలసీమ అన్న పేరు స్థిరపడింది.

ఈ బాటమీద నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. కాని నీటి విలువను నాకు పూర్తిగా బోధించినది నదీ కాదు, కాలువా కాదు; మా మేనల్లుడి కారు.

మా అక్కయ్య కొడుకు బాడుగకు తిప్పుకొందామని ఒకరి చేతిలో తిరిగిన డీజిల్ కారు కొన్నాడు. టర్బో ఉన్న బండి. అక్కయ్య గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన డబ్బు దానిలో ఉన్నది. ఆరు నెలలలో రెండుసార్లు హెడ్ గ్యాస్కెట్ పోయింది. రెండుసార్లూ ఒక పట్నంలో మార్పించాడు. ఆ షెడ్డు పేరు మనకెందుకు? కొత్త గ్యాస్కెట్ వేసిన నెలా రెండు నెలలకు మళ్ళీ సూది ఎర్రగీత దగ్గరికి పాకేది. ఇంతలో ఒక దళారి వచ్చి ఉపాయం చెప్పాడు: “ఇంకొక గ్యాస్కెట్ వేయించు, పదిరోజులలో అమ్మించేస్తా. కొన్నవాడి తలనొప్పి వాడిది.” వాడు కాస్త మెత్తబడ్డాడు కూడ. అక్కయ్య మాత్రం, “మన గాజులు పోతే పోయినాయి. ఇంకొక తల్లి బిడ్డ నడిరోడ్డున ఎండలో నిలబడాల్నా?” అన్నది. ఆ మాటతో బేరం ఆగిపోయింది. ఈ పరిస్థితిలో గత యేడు మే నెలలో కడపలో ఒక పెళ్ళికని ఇద్దరమూ ఆ కారులోనే బయలుదేరాము.

శిరివెళ్ళ దాటేవరకు కారు మర్యాదగానే నడిచింది. అక్కడ వేగం హెచ్చించగానే సూది లేచింది. వాడు వెంటనే వేపచెట్టు నీడకు తీసి ఇంజను ఆపాడు. మూత జోలికి పోలేదు. ఇది చదువరులందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. రేడియేటరులోని నీరు మూత బిగింపువల్ల ఒత్తిడిలో ఉంటుంది. అందువల్లనే 100 డిగ్రీలు దాటినా మరగక ఊరుకొంటుంది. వేడిగా ఉండగా మూత తిప్పితే ఆ ఒత్తిడి పోయి, నీరు ఒక్కసారిగా మరిగి, ఆవిరితోపాటు మొగంమీదికి ఎగజిమ్ముతుంది. గంటసేపు కూర్చుని, చల్లారిన తరువాత నెమ్మదిగా ఆళ్ళగడ్డ చేరాము.

ఆళ్ళగడ్డ శిల్పుల ఊరు. అహోబిలం పోయేవారు ఇక్కడ మలుపు తిరుగుతారు. వీధి పక్కన సగం చెక్కిన దేవతలు నిలబడి ఉంటారు. ఉలి చప్పుడు ఆగదు. ఆ చప్పుడుకు నాలుగడుగుల దూరంలోనే ఒక ముసలి మేస్త్రీ షెడ్డు దొరికింది. ఆయన బానెట్ ఎత్తకముందే ప్రశ్నలు మొదలుపెట్టాడు.

“ఎప్పుడు వేడెక్కుతాది అబ్బయ్యా? ఊర్లో నిలబడినప్పుడా, రోడ్డుమీద పరుగెత్తేటప్పుడా?”

“పరుగెత్తేటప్పుడే భాయ్. నిలబడితే బాగానే ఉంటుంది.”

“కింద నీళ్ళు కారినాయా?”

“చుక్క కూడ లేదు. అయినా నీళ్ళు తగ్గుతాయి.”

“యాడ నీళ్ళు పోసినారు?”

“వాళ్ళ షెడ్డులో బోరు నీళ్ళు పోశారు.”

మేస్త్రీ తల ఊపి, “ఈ పొద్దు తాకను సార్. రాత్రంతా చల్లబడనీ. తెల్లారి చూస్తా” అన్నాడు నాతో. మంచి వైద్యుడు పరగడుపున నాడి చూస్తానన్నట్లు ఉన్నది.

ఆ మూడు ప్రశ్నలలో ఎంత విషయం ఉన్నదో రాత్రి లాడ్జిలో ఆలోచిస్తే తెలిసింది. నిలబడినప్పుడు వేడెక్కి, పరుగులో చల్లబడే కారుకు సాధారణంగా ఫ్యాను జబ్బు. నిలబడితే బాగుండి, పరుగులో వేడెక్కితే గాలి లోటు కాదు. నీరు సరిగా తిరగడం లేదు, లేక తిరిగినా వేడిని వదలడం లేదు. బయట కారకుండా నీరు తగ్గుతున్నదంటే లోపలికే పోతున్నది.

తెల్లవారి చల్లని ఇంజను స్టార్ట్ చేయించి మేస్త్రీ పైగొట్టాన్ని చేత్తో పట్టుకొన్నాడు. నిమిషం గడవకముందే అది రాయిలా బిగిసింది. “నీళ్ళు ఇంకా చల్లగానే ఉండాయి. ఆవిరి పుట్టేదానికి వేళ కాలేదు. అట్లయితే ఈ బిగువు ఏంది? పొగ సార్, మండిన గాలి!” అన్నాడు. నీళ్ళడబ్బాలో బుడగలు ఆగకుండా వస్తున్నాయి. నీలిరంగు ద్రవమున్న ఒక గాజుగొట్టాన్ని దానిమీద ఉంచాడు. మండిన గాలిలోని బొగ్గుపులుసు వాయువు తగిలితే ఆ రంగు మారుతుంది. చూస్తుండగానే మారింది. గ్యాస్కెట్ మళ్ళీ పోయిందన్న మాట.

“అయితే ఇంకొకటి వేయాల్సిందేనా?” అన్నాడు మేనల్లుడు నీరసంగా.

“వేసేది కడాన అబ్బయ్యా. ఎందుకు పోయిందో తెలియాల ముందు.”

ఇక్కడ రెండు మాటలు వివరించాలి. ఇంజనుకు కింది భాగం దిమ్మె, పైభాగం హెడ్డు. ఈ రెంటి నడుమ పలుచని రేకుల పొర గ్యాస్కెట్. మంటను, నీటిని, నూనెను ఒకదానితో ఒకటి కలవకుండా కాపలా కాస్తుంది. ఇక టర్బో అంటే, వృథాగా పోయే పొగ వేగంతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఆ బలంతో ఇంజనులోకి ఎక్కువ గాలిని దూర్చే యంత్రం. 1905లో స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి దీనికి పేటెంటు పొందాడు. గాలి పెరిగితే ఇంధనం పెంచవచ్చు, బలం వస్తుంది. దానితోపాటు ఒత్తిడి, వేడి కూడ వస్తాయి. 1962లో అమెరికాలో ఓల్డ్‌స్మొబీల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది. దాని ఇంజను దెబ్బతినకుండా నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఒక డబ్బాలో పోసి, గాలితోపాటు లోపలికి చల్లేవారు. చాలామంది యజమానులు ఆ డబ్బా నింపడమే మరచిపోయేవారట! టర్బోకూ నీటికీ ఉన్న చుట్టరికం అంత పాతది.

మేస్త్రీ ఒక్కొక్క అనుమానితుణ్ణి పిలిచి విచారించాడు. ఫ్యాను వేళకు తిరిగింది, నిర్దోషి. థర్మోస్టాట్‌ను ఊడదీసి పక్క టీ కొట్టులో మరిగే నీళ్ళగిన్నెలో వేశాడు. వేడికి చక్కగా నోరు తెరిచింది; అదీ నిర్దోషి. నీళ్ళ పంపు రెక్కలు బాగున్నాయి. టర్బో ఒత్తిడిని మితం చేసే మీట బిగుసుకోకుండా కదులుతున్నది. మిగిలినది రేడియేటరు. దానిని దించి పైన గొట్టంతో నీళ్ళు వదిలితే, కింద ధారగా దూకవలసిన నీరు సన్నగా జారింది. నోటిలోకి టార్చి వేసి చూపించాడు. లోపల తెల్లగా సున్నపు పెచ్చు, మన ఇళ్ళలో ఉప్పునీళ్ళు కాచే బిందె అడుగున పట్టే పెచ్చు వంటిది!

హెడ్డు విప్పితే రెండు సిలిండర్ల నడుమ గ్యాస్కెట్ మాడి ఉన్నది. నాపరాళ్ళు పరిచే మేస్త్రీ దారం పట్టి చూసినట్లు, ఈయన హెడ్డు అడుగున నిక్కమైన ఉక్కుపట్టీ ఆనించి, సందులో పలుచని రేకు దూర్చాడు. 0.05 మిల్లీమీటరు దాటకూడని సందులో 0.15 మందం రేకు దూరింది. హెడ్డు వంగిపోయింది. బోల్టులు ఒకసారి బిగిస్తే సాగిపోయే రకం, మరొకసారి వాడరానివి. ముందటి వారు రెండుసార్లూ పాతవే బిగించారు.

అప్పుడు కథంతా వరుసలో పడింది. గట్టినీటి సున్నం రేడియేటరు నాళాలను పూడ్చింది. నిలబడినప్పుడు పుట్టే కొద్ది వేడికి మిగిలిన నాళాలు చాలాయి. పరుగులో టర్బో గాలి పెంచి, ఇంధనం పెరిగేసరికి చాలలేదు. నీరు మితిమీరి కాగింది. అల్యూమినియం హెడ్డు ఇనుప దిమ్మెకన్న ఎక్కువ వ్యాకోచిస్తుంది, బోల్టులు కదలనీయవు, వంగింది. వంగినచోట మంట గ్యాస్కెట్‌ను కాల్చి నీళ్ళలోకి దారి చేసుకొన్నది. ఆ గాలి నీటిని నెట్టివేసి వేడిని ఇంకా పెంచింది. పూడిన రేడియేటరు, వంగిన హెడ్డు, సాగిన బోల్టులు అట్లాగే ఉంచి ఎన్ని గ్యాస్కెట్లు వేసినా, అది చిల్లికుండకు రోజూ కొత్త మూత పెట్టడమే గదా!

హెడ్డును ప్రొద్దుటూరు పంపి, పగులు లేదని ఒత్తిడితో పరీక్షించి, కంపెనీ అనుమతించిన మేర మాత్రమే చదును చేయించారు. పిస్టన్లు దిమ్మెకన్న ఎంత ఎత్తు లేస్తాయో కొలిచి, దానికి తగిన మందం గ్యాస్కెట్‌ను అంచుమీది గాట్లు లెక్కపెట్టి ఎంచాడు మేస్త్రీ. కొత్త బోల్టులను నడుమనుంచి అంచులకు, ఒకేసారి గాక విడతలుగా బిగించాడు. కొత్త రేడియేటరు వచ్చింది. చివరకు బోరు నీరు కాదు, డిస్టిల్డు వాటరూ కూలెంటూ సమపాళ్ళలో పోశాడు. కూలెంటు మరిగే హద్దును పెంచుతుంది, లోహాన్ని తుప్పునుంచి కాపాడుతుంది. నాలుగు రోజులు పట్టింది. ఈలోగా నేను బస్సులో పోయి పెళ్ళికి అక్షతలు వేసి వచ్చాను.

తరువాత ఇద్దరమూ కారులో కడప చేరాము. అక్కడ బ్రౌను దొరగారి బంగళా ఉండిన స్థలంలో ఆయన పేర గ్రంథాలయం ఉన్నది. తెలుగు పాఠాలు చెప్పేవాడు దానికి నమస్కరించకుండా కడప దాటరాదు. 1820లో ఉద్యోగానికై ఈ ఊరు వచ్చిన సి.పి. బ్రౌను తెలుగు నేర్చి, పండితులను కూర్చుకొని, ఒక్కొక్క కావ్యానికి అనేక తాళపత్ర ప్రతులు తెప్పించి పోల్చి చూపించేవాడు. తప్పున్న ప్రతిని ఎంత అందంగా తిరిగి రాసినా తప్పు తప్పుగానే ఉంటుంది. అది ఎక్కడ పుట్టిందో పట్టుకొంటేనే పాఠం బాగుపడుతుంది. ఆళ్ళగడ్డ మేస్త్రీ చేసినదీ అదే పరిష్కరణ.

అసలు పరీక్ష కడప దాటిన తరువాత ఉన్నది. రాయచోటి బాటలో గువ్వలచెరువు ఘాటు. మిట్టమధ్యాహ్నం, నిండు బరువుతో ఎక్కించాడు మేనల్లుడు. మలుపు మలుపుకూ వాడి కన్ను రోడ్డుమీద సగం, సూదిమీద సగం. పైదాకా అది నడుమ గీతను వదలలేదు. గువ్వలచెరువు పాలకోవాకు పేరుమోసిన ఊరు. అక్కయ్యకు ఒక కిలో, ఆళ్ళగడ్డ మేస్త్రీకి ఒక కిలో కట్టించాడు.

గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. కాని నెలనెలా కంతు వేళకు కడుతున్నాడు. ఇప్పుడు వాడి కారులో ఎక్కినవారికి డిక్కీలో రెండు డబ్బాలు కనబడతాయి. ఒకటి తాగేందుకు మంచినీళ్ళు, రెండవది కారుకు. దారిలో ఎవరైనా చేయిచాపి రెండవ డబ్బా అడిగితే, “ఏ నీళ్ళు పోస్తాండారు?” అని ముందు అడిగి, తరువాత ఇస్తాడు.