తొలి కాన్పు: ఎంతవరకు ఆగాలి?



తొలిచూలు అమ్మాయికి నొప్పులు మొదలైతే మా ఇంటికి కబురు వస్తుంది. "అయ్యగారూ, పొద్దుటినుండి నొప్పులు పడుతోంది, ఇంకా కాన్పు కాలేదు. ఆపరేషను చేయించమంటారా, ఆగమంటారా?" అని అడుగుతారు. ప్రార్థన మేము చేస్తాము. ఆపరేషను సంగతి తేల్చవలసింది మాత్రం పరీక్ష చేసిన డాక్టరమ్మే. అయినా ప్రతి కుటుంబమూ కొన్ని సంగతులు తెలుసుకొని ఉండాలి.

తొలి కాన్పు ఆలస్యం కావడం సహజం. గర్భసంచి ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలని పూర్వం లెక్క కట్టేవారు. ఆ లెక్క తప్పినంత మాత్రాన వైద్యం మొదలుపెట్టనక్కరలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో తెలియజేసింది. 5 సెంటీమీటర్లు తెరుచుకునేవరకు ఇంతసేపని నియమం లేదు. అక్కడినుండి పూర్తిగా తెరుచుకోవడానికి తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు దాటదు. ఆపైన బిడ్డ బయటపడడానికి 3 గంటలలోపు పడుతుంది. తల్లీబిడ్డా క్షేమంగా ఉండి, నర్సమ్మ బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉంటే, ఆగడం అశ్రద్ధ కాదు. ఆ సమయంలో అమ్మాయిని నడవనివ్వండి, తాగడానికి ఇవ్వండి, ధైర్యం చెప్పే మనిషిని పక్కన ఉంచండి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషనుతోనే జరిగాయి. అవసరమైన ఆపరేషను ప్రాణం కాపాడుతుంది. నొప్పులకు భయపడో, మంచి ఘడియ చూసుకొనో కోయించుకుంటే ఆ గాటు తరువాతి కాన్పులకూ చిక్కు తెస్తుంది.

అయితే ఇంట్లో కూర్చొని ఆగడం వేరు. కాన్పు త్వరగా కావాలని ఇంటివద్ద నొప్పుల సూది వేయించవద్దు. గర్భసంచి చిట్లవచ్చు, బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. ఉమ్మనీరు పచ్చగా పోయినా, రక్తం పోయినా, జ్వరం, ఫిట్స్ వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా ఒక్క నిమిషం ఆగకండి. 108కి ఫోను చేయండి.

రాహేలు ఎఫ్రాతా దారిలో ప్రసవవేదనతో ప్రాణం విడిచిన సంగతి మనకు తెలుసు. ఆమె పక్కన మంత్రసాని ఉంది గాని, వెళ్లడానికి ఆసుపత్రి లేదు. మనకు ఉంది.

కనుక డాక్టరమ్మను నెమ్మదిగా మూడు మాటలు అడగండి: తల్లి ఎలా ఉంది? బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది? ఇంకా ఆగితే ప్రమాదమేమైనా ఉందా? ప్రమాదం లేదంటే ఓపిక పట్టండి. ఉందంటే, అత్తగారి మాట కోసమో, ఊరినుండి రావలసిన మామగారి కోసమో చూడక, వెంటనే సంతకం చేయండి.