గిరక కీచుమంటే వినండి

కుక్కర్ విజిల్ సరిగ్గా రాకపోతే మనం ఏం చేస్తాం? మూత తీసి గాస్కెట్ చూస్తాం, వెయిట్ కింది రంధ్రం శుభ్రం చేస్తాం. స్టవ్ మంట ఎర్రగా వస్తే బర్నర్ విప్పి కడుగుతాం. మిక్సీ జార్ బిగుసుకుపోతే అడుగున రెండు చుక్కల నూనె వేసి తిప్పుతాం. వీటికోసం ఎవరినీ పిలవం. కానీ పెరట్లో బావి మీద వేలాడే గిలక దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ళ పనిలే" అని ఊరుకుంటాం. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? రోజూ ఆ తాడు లాగేది మనం. దాని కీచుమనే చప్పుడు వినేదీ మనమే. అది పాడైతే ముందుగా ప్రమాదంలో పడేది కూడా మనమే.

మా పుట్టిల్లు చేవెళ్ళ, అత్తిల్లు మొయినాబాద్ పక్క పల్లె. రెండిళ్ళల్లోనూ చేదబావులు ఉన్నాయి. మా వైపు గిలకను గిరక అంటాం, నీళ్ళు చేదే బాల్చీని బొక్కెన అంటాం. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చింది, బోరు వచ్చింది. చాలామంది బావులు పూడ్చేశారు. పూడ్చని చోట గిరక అలాగే దూలానికి వేలాడుతూ తుప్పు పడుతోంది. దాని అవసరం ఏముందిలే అనుకుంటాం గానీ, అవసరం చెప్పి రాదు కదండీ!

ఒక ఎండాకాలం మా ఆడబిడ్డ కూతురికి ఓణీల వేడుక పెట్టుకున్నాం. మూడు రోజులుందనగా బోరు మోటారు కాలిపోయింది. వైండింగుకు ఇచ్చిన చోట "ఇవాళ, రేపు" అని తిప్పుతున్నారు. ఇల్లంతా చుట్టాలు. ఇక బావే దిక్కయింది. ఏళ్ళ తరబడి వాడని గిరక తిరగనంటే తిరగనని మొరాయించింది. చక్రం కదలకుండా తాడు ఒక్కటే దాని మీద రాసుకుంటూ జారుతోంది. పక్కింటి వదిన సాయం వచ్చి తోడుతుంటే, తాడు గాడి తప్పి చక్రానికీ పక్క రేకుకూ మధ్య ఇరుక్కుపోయింది. నిండు బొక్కెన సగంలో వేలాడుతోంది. వదిన ఒక కాలు గట్టు మీద పెట్టి, తాడు విడిపించడానికి లోపలికి వంగింది.

"ఆగు బిడ్డా!" అని మా అత్తమ్మ పరుగున వచ్చి ఆమె నడుం పట్టుకుని వెనక్కి లాగింది. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి అత్తమ్మ నిద్రపోలేదు. తన చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో ఒక కొత్త కోడలు సరిగ్గా ఇలాగే వంగి బావిలో పడి చనిపోయిందట. "కాలు జారింది అన్నరు. గిరక సంగతి ఎవ్వరూ అనలే" అంది అత్తమ్మ. ఆ మాట నా మనసులో అలాగే నిలిచిపోయింది.

మర్నాడు పొద్దున్నే అత్తా కోడళ్ళం కలిసి గిరక దించాం. ఆ రోజు నేర్చుకున్నదీ, తర్వాత ఏటా చేస్తున్నదీ మీకు చెబుతాను. మీ ఇంట్లో చేదబావి ఉంటే పనికొస్తుంది.

దించే ముందు

ఒంటరిగా ఈ పని పెట్టుకోకండి, తోడు ఉండాలి. ముందు బావిని గట్టి చెక్కలతోనో ఇనుప జాలీతోనో మూసెయ్యండి. చేతిలోంచి జారిన నట్టు బావిలో పడితే ఇక దొరకదు, మనిషి సంగతి చెప్పనే అక్కర్లేదు. చెక్కలు ఉన్నాయి కదా అని వాటి మీద నిలబడకండి. కొంగు నడుముకు బిగించండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. గిరక మూడు నాలుగు కిలోల ఇనుము. అందుకని కొక్కెం తప్పించే ముందే వేరే తాడుతో దాన్ని దూలానికి కట్టి, తర్వాత మెల్లగా దించాలి.

వరండాలో పాత గోనెపట్టా పరిచి, పక్కన ఒక స్టీలు పళ్ళెం పెట్టుకోండి. ఏది ముందు ఊడితే అది ముందు, వరసగా పళ్ళెంలో పెట్టండి. బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకు రావాలన్నమాట. ఏది ఎడమవైపుదో ఏది కుడివైపుదో సుద్దముక్కతో గుర్తు పెట్టుకుంటే తికమక ఉండదు.

విప్పి చూస్తే

గిరకలో ఉండేవి చాలా తక్కువ. గాడి ఉన్న చక్రం, దాని మధ్యలో ఇరుసు, రెండు పక్కలా రేకులు, వాటికీ చక్రానికీ మధ్య వాషర్లు, ఇరుసు జారిపోకుండా చీల, పైన కొక్కెం. అంతే! పటకారుతో చీల వంపు సరిచేసి లాగితే ఇరుసు బయటికొస్తుంది. రాకపోతే సుత్తితో బాదకండి. కిరసనాయిలో డీజిలో పోసి ఒక రాత్రి నాననివ్వండి. మర్నాడు ఇరుసు మీద చెక్కముక్క ఆనించి, దాని మీద మెల్లగా తట్టండి. మా గిరకకు రెండు రాత్రులు పట్టింది.

తర్వాత ఒక్కొక్కటీ చూడాలి. ఇరుసు మీద గోరు పెట్టి జరపండి. చక్రం కూర్చునే చోట గోరు మెట్టులా తగిలితే ఇరుసు అరిగిందన్నమాట, మార్చాల్సిందే. చక్రం మధ్య రంధ్రం గుండ్రంగా ఉండాలి. కోడిగుడ్డులా సాగితే బుష్ వేయించాలి. గాడిలో వేలితో తడిమి, పదునుగా తగిలిన చోట గరుకు కాగితంతో రుద్దండి. ఆ పదునే తాడును రోజుకో పోగు చొప్పున కోసేది. "తాడు నాసిరకం" అని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు తాడుది కాదు, తిరగని చక్రానిది.

పగుళ్ళు కంటికి కనిపించవు. అందుకు అత్తమ్మ ఒక ఉపాయం చెప్పింది. కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూస్తాం కదా, అలాగే! చక్రాన్ని దారంతో వేలాడదీసి చిన్న సుత్తితో తట్టాలి. గణగణమంటే మంచిది. బొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులుందని అనుమానించాలి. అలాంటి చక్రాన్ని మళ్ళీ బావి మీద కట్టొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం వాషర్లు. అవి అరిగితే చక్రం అటూ ఇటూ ఊగుతుంది, పక్కన సందు పెరుగుతుంది. ఆ సందులోకే తాడు దూరుతుంది. వదిన వంగాల్సి వచ్చింది అందుకే. ఎంత చవకైన వస్తువండీ అది! ఒక నిండు ప్రాణం దాని మీద వేలాడుతోంది. చక్రానికీ రేకుకూ మధ్య సందు తాడు మందంలో సగం కూడా ఉండకూడదని నేను లెక్క పెట్టుకున్నాను.

కందెన సంగతి

తుప్పు గీకి, తుడిచి, ఎండలో ఆరబెట్టాక కందెన వెయ్యాలి. వంటనూనె పొయ్యకండి, కొన్నాళ్ళకు జిగురులా మారి ఇంకా పట్టేస్తుంది. మూకుడు అంచున పేరుకున్న నూనె ఎలా అంటుకుంటుందో మీకు తెలుసుగా! పాతరోజుల్లో బండి ఇరుసుకు ఆముదంలో వరిగడ్డి మసి కలిపి పూసేవారు. మేము ఉత్త ఆముదమే వాడతాం. అది చిక్కగా ఉండి ఇనుమును పట్టుకుని ఉంటుంది. తాగే నీళ్ళ బావి కాబట్టి ఇరుసుకు మాత్రమే పూసి, బయటికి కారింది గుడ్డతో తుడిచేస్తాం. ఆముదానికి దుమ్ము అంటుకుంటుంది గనుక ఏడాదికి రెండుసార్లు, ఉగాది ముందు ఒకసారి, దసరా వెళ్ళాక ఒకసారి, తుడిచి మళ్ళీ పూస్తాం.

బిగించేటప్పుడు పాత చీల మళ్ళీ వాడకండి. ఒకసారి వంగిన తీగ రెండోసారికి విరుగుతుంది. కొత్తది పెట్టి రెండు కొసలూ విడదీసి వంచండి. చేత్తో తిప్పితే చక్రం చప్పుడు లేకుండా నాలుగైదు చుట్లు తిరగాలి. పైకి కట్టాక కొక్కెంతో పాటు ఒక గొలుసును కూడా దూలానికి చుట్టండి. ఎప్పుడైనా కొక్కెం విరిగితే గొలుసు ఆపుతుంది. మొదట సగం బొక్కెన తోడి చూసి, తర్వాతే నిండుగా తోడండి.

తాడు గాడికి సరిపడా లావుండాలి. సన్నటిదైతే సందులో పడుతుంది. నైలాను తాడు నీళ్ళకు కుళ్ళదు గానీ ఎండకు పెళుసవుతుంది, చేతుల్లో జారుతుంది. ఏది కొన్నా వారానికోసారి కొస నుంచి కొస దాకా చేత్తో తడిమి చూడండి.

ఓడకైనా, చెరువుకైనా

మా ఇంట్లో బావిలో పడ్డ బొక్కెనలు తీసే పాతాళగరిగె ఉంది. దాన్ని చూస్తే నాకు ఓడ లంగరే గుర్తొస్తుంది. ఓడ ముక్కు దగ్గర కూడా లంగరు గొలుసును దించి ఎత్తే పెద్ద చక్రం ఉంటుంది. గొలుసు కణికలు కూర్చునేలా దానికి గుంటలుంటాయి, ఆపడానికి బ్రేకు ఉంటుంది. ఉప్పుగాలికి దాని గ్రీజు గట్టిపడుతుంది, వాడకపోతే బిగుసుకుపోతుంది. అందుకే ఓడవాళ్ళు దాన్ని అప్పుడప్పుడూ విప్పి, కడిగి, గ్రీజు పెడతారు. లంగరు అక్కర్లేని రోజుల్లో కూడా తిప్పుతారు. మన గిరక రోగమే దానిదీ, వైద్యమూ అదే.

2020 అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం వచ్చినప్పుడు విశాఖ రేవు బయట నిలిపిన ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ, గాలికి కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. అదే వాయుగుండం 13వ తేదీన కాకినాడ దగ్గర తీరం దాటి మన వైపు వచ్చింది. ఆ రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన చెరువులు మనవి. గండిపేట 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ వానకు హిమాయత్ సాగర్ గేట్లు దాదాపు పదేళ్ళ తర్వాత ఎత్తారు. పదేళ్ళు పని లేని గేటైనా పిలిచిన రాత్రి లేవాల్సిందే! పని లేని రోజుల్లో ఎవరో దాన్ని చూసుకుంటేనే అది సాధ్యం.

ఇంత చెప్పడం ఎందుకంటే, వాడని వస్తువు భద్రంగా ఉందని మనం అనుకుంటాం. నిజానికి ఇనుము వాడకపోతేనే తొందరగా చెడుతుంది. నెలకొకసారి గిరక మీద సగం బొక్కెన తోడి మొక్కలకు పొయ్యండి చాలు. బావి అక్కర్లేదనుకుంటే పైన గట్టి జాలీ వేయించి తాళం పెట్టండి. గిరక ఉంచారంటే మాత్రం అది తిరగాలి.

ఇంకో మాట. తాడు ఎప్పుడైనా ఇరుక్కుంటే, నిండు బొక్కెన అలా వేలాడినా సరే, వంగకండి. తాడును గట్టుపక్క గుంజకు కట్టేసి, మనిషిని పిలిచి, కర్రతో విడిపించండి. లేదా బొక్కెన పోతే పోనివ్వండి. దాన్ని తీయడానికి పాతాళగరిగె ఉంది. ఈ మాట మీ ఆడపిల్లలకూ, కోడళ్ళకూ కూడా తప్పకుండా చెప్పండి.