నాన్న తెచ్చిన టైల్

మా నాన్న తాపీ మేస్త్రీ. మా వీధిలో సగం బాత్రూములకి టైల్స్ వేసింది ఆయనే. అలాంటి మనిషి ప్రేమగా తెచ్చిన టైల్‌ని "ఇది పనికిరాదు" అనేశాను.

సంగతేంటంటే, వేసవి సెలవుల్లో నాకు బ్రెడ్ పిచ్చి పట్టింది. మా చిన్న ఓటీజీలో ఎన్నిసార్లు చేసినా పైన మాడుతుంది, అడుగున తెల్లగా, పచ్చిగా ఉండిపోతుంది. పలచటి రేకు ట్రేలో వేడి నిలవదు. అదే మందపాటి మట్టి పలక పెడితే, వేడిని దాచుకుని పిండికి అడుగు నుంచి ఇస్తుంది. (హీట్ ట్రాన్స్‌ఫర్‌లో నా మార్కులు మాత్రం అడక్కండి.)

ఆ మాట విని నాన్న సైట్‌లో మిగిలిన నీలం టైల్ ఒకటి కడిగి, తువ్వాలుతో తుడిచి మరీ తెచ్చాడు. నిగనిగలాడుతోంది. నా భయం ఆ నిగనిగతోనే. గోడ టైల్స్ మీద గ్లేజ్ తిండి కోసం చేసింది కాదు. కొన్నిట్లో సీసం, కాడ్మియం ఉండొచ్చు. అదే చెప్పాను. కాకపోతే పక్కింటి బాబాయ్ ముందు, లెక్చర్ ఇచ్చినట్టు చెప్పాను. నాన్న ఏమీ అనలేదు. టైల్ తీసుకెళ్లి మోటార్ పక్కన పెట్టేశాడు.

ఇక పౌరుషంతో నేనే వెతికాను. ఫ్రెండ్ వాళ్ల మామయ్య ఫౌండ్రీ నుంచి పాత ఫర్నేస్ ఇటుకలు ఊరికే ఇప్పిస్తానన్నాడు. లోహం కరిగించిన చోట వాటిలో ఏమేం ఇంకిందో ఎవరికి తెలుసు? వద్దన్నాను.

రెండ్రోజులకి నాన్న ఎర్ర టైల్స్ రెండు తెచ్చాడు. డాబా మీద పరిచేవి, ఉత్త కాల్చిన మట్టి.

"కొత్తవే. సిమెంటు, పెయింటు తగల్లేదు. పూత ఉందేమో నువ్వే చూస్కో" అని ఒకదాని మీద నీటి చుక్క వేశాడు. చుక్క నిలబడలేదు, ఇంకిపోయింది. తర్వాత రెండూ ఒకదానికొకటి తట్టాడు. ఖంగుమన్నాయి. "బాగా కాలాయిరా. మొద్దుగా మోగితే సరిగ్గా కాలనట్టు, లేదంటే లోపల పగులున్నట్టు."

ఈసారి నోరు మూసుకుని విన్నాను. సబ్బు పీల్చుకుంటుందని ఉత్త నీళ్లతోనే కడిగి, రెండ్రోజులు ఎండబెట్టాను. ఖాళీ ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర గంట ఉంచి, మెల్లగా 220 దాకా తీసుకెళ్లాను. తొందరపడితే లోపలి తడి ఆవిరై పలకని పగలగొడుతుంది. గాలి తిరగడానికి చుట్టూ అంగుళం ఖాళీ వదిలాను. వేడి మీద ఒక్క నీటి చుక్క కూడా పడనివ్వలేదు.

బ్రెడ్ అయిందో లేదో అడుగున తట్టి చూడాలి, డొల్లగా మోగాలి. నేనింకా ఆ మాట చెప్పనేలేదు. నాన్న గుడ్డతో పట్టుకుని తిరగేసి, వేలితో తట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ తట్టాడు.

"కాలింది" అన్నాడు.